ఒకే దేశం, ఒకే పన్ను... రెండు నంబర్లు!

2017లో జీఎస్టీ తెచ్చి ‘ఒకే దేశం, ఒకే పన్ను’ అన్నారు. సంతోషం. మరి హైదరాబాద్ గోడౌన్ నుంచి సొంత విజయవాడ బ్రాంచికి సరుకు పంపడానికి ఇంత తతంగం ఏంటండీ?

పాన్ ఒకటే. యజమాని ఒకడే. కానీ 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్టీ నంబరు ఒక మనిషట, 37తో మొదలయ్యే ఆంధ్రా నంబరు ఇంకో మనిషట! రూపాయి చేతులు మారకపోయినా ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకుపై పన్ను, వేసి ఇన్‌వాయిస్ రాయాలి. తనకు తానే అమ్ముకున్నట్టు. పోనీ, అక్కడ పేరుకుపోయిన క్రెడిట్ (కొనుగోళ్లపై ముందే కట్టిన పన్ను) ఇక్కడ వాడుకుందామంటే? కుదరదు.

పొరపాటున ఐజీఎస్టీ బదులు రాష్ట్రంలోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) కట్టారా, అయిపోయారు. వెళ్లింది సర్కారు ఖజానాకే కదా, సర్దుకోరా? సర్దుకోరు. సరైన పద్దులో మళ్లీ మొత్తం కట్టి, పాతదానికి రెండేళ్లలోపు రీఫండ్ అడుక్కోవాలి. వడ్డీ వెయ్యరు, అదే మహాభాగ్యం.

ఇక ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం. 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. దారిలో లారీ మొరాయించింది, సరుకు ఇంకో బండికెక్కించారు. బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త నంబరు మార్చడం మరిచారా? చెక్‌పోస్టులు ఎత్తేశారుగా అనుకోకండి, రోడ్డు మీద ఎక్కడైనా ఆపుతారు. పన్నుకు రెట్టింపు జరిమానా దాకా పోతుంది. గడువు పొడిగించాలంటే ముగియడానికి ముందు ఎనిమిది గంటలు, తర్వాత ఎనిమిది గంటలు, అంతే. అర్ధరాత్రి డ్రైవరు ఫోనెత్తకపోతే?

పక్క రాష్ట్రానికైనా సేవలు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. పక్క రాష్ట్రానికి పచ్చడి అమ్మే చిన్న వ్యాపారికి మాత్రం మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్. ఇదేం లెక్కో!