జికా కాదట, నీళ్ళలో కలిపిన మందట!

2016 ఫిబ్రవరిలో మొదలైన ఒక ప్రచారం ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: బ్రెజిల్‌లో పిల్లలు చిన్న తలలతో (మైక్రోసెఫలీ) పుట్టడానికి దోమకాటుతో సోకే జికా వైరస్ కారణం కాదు, దోమ పిల్లల్ని చంపడానికి తాగే నీళ్ళలో కలిపిన పైరిప్రాక్సిఫెన్ అనే మందు. అది మోన్‌శాంటో కంపెనీది. జికా 1947 నుంచీ ఉన్నదే, అప్పుడు రాని జబ్బు ఇప్పుడెలా వచ్చింది? పైగా కొలంబియాలో జికా వచ్చినా పిల్లలకేమీ కాలేదు.

దీని మూలం అర్జెంటీనాలో పురుగుమందుల పిచికారీకి వ్యతిరేకంగా పనిచేసే కొందరు డాక్టర్ల నివేదిక. డాక్టర్లే చెప్పారు కదా అని జనం నమ్మారు. బ్రెజిల్‌లోని రియో గ్రాండే దో సూల్ రాష్ట్రం అయితే వెంటనే తాగునీళ్ళలో ఆ మందు వేయడం ఆపేసింది. వాళ్ళు చెప్పిన ఒక్కో మాటా చూద్దాం.

ముందు "మందే కారణం" అన్న మాట. 2015లో పిల్లల నరాల డాక్టరు వనెస్సా వాన్ డెర్ లిండెన్ ఇలాంటి పిల్లలు వరసగా వస్తున్నారని గమనించింది పెర్నాంబుకో రాష్ట్ర రాజధాని రెసిఫేలో. ఆ నగరంలో వాడుతున్నది పైరిప్రాక్సిఫెన్ కాదు, బీటీఐ అనే బాక్టీరియాతో చేసిన మందు. ఫార్వర్డ్ ఇక్కడే కూలిపోవాలి. అయినా పరిశోధకులు అంతటితో వదల్లేదు. పెర్నాంబుకోలో పైరిప్రాక్సిఫెన్ వాడిన ఊళ్ళనూ బీటీఐ వాడిన ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశారు, మైక్రోసెఫలీలో తేడా కనబడలేదు. ఆ తర్వాత మైక్రోసెఫలీతో పుట్టిన 91 మంది పిల్లల్ని, మామూలుగా పుట్టిన 173 మందిని పోల్చారు. మొదటి గుంపులో 32 మందికి జికా సోకినట్టు ల్యాబులో తేలింది, రెండో గుంపులో ఒక్కరికీ లేదు. మందుతోగానీ, గర్భిణులకు వేసిన టీకాలతోగానీ సంబంధం దొరకలేదు. కాబట్టి "టీకాల వల్లే" అనే ఇంకో ఫార్వర్డ్‌కి కూడా జవాబు ఇదే.

మోతాదు లెక్క కూడా వేద్దాం. తాగునీళ్ళలో ఈ మందు లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. రోజూ ఒంట్లోకి వెళ్ళినా ఫరవాలేదని అంతర్జాతీయ నిపుణులు పెట్టిన హద్దు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల గర్భిణి ఆ హద్దును అందుకోవాలంటే రోజుకు 600 లీటర్ల నీళ్ళు తాగాలి.

మోన్‌శాంటో సంగతా? మందు తయారుచేసేది జపాన్‌కు చెందిన సుమితోమో కెమికల్. అది మోన్‌శాంటోకి అనుబంధ సంస్థ కాదు.

"మరి వైరసే అని రుజువేంటి" అనేవాళ్ళు స్లొవేనియా కేసు ఒక్కటి చూస్తే చాలు. బ్రెజిల్‌లోని నాటాల్ నగరంలో ఉంటూ గర్భవతి అయిన ఒక యూరప్ మహిళకు 13వ వారంలో జ్వరం, ఒళ్ళునొప్పులు, దద్దుర్లు వచ్చాయి. 20వ వారం దాకా స్కానింగ్‌లన్నీ బాగానే ఉన్నాయి. తిరిగి స్లొవేనియా వెళ్ళాక, 29వ వారంలో, శిశువు తల ఎదగడం లేదని తేలింది. గర్భస్రావం చేయించుకున్నాక శిశువును పరీక్షిస్తే తల చుట్టుకొలత 26 సెంటీమీటర్లు, మెదడు బరువు 84 గ్రాములు. ఆ వయసుకు మెదడు మీద రావాల్సిన మడతలు దాదాపు లేవు, లోపల అక్కడక్కడా కాల్షియం గడ్డకట్టింది. అదే మెదడులోంచి జికా వైరస్ మొత్తం జన్యుక్రమం దొరికింది. మిగతా అవయవాల్లో వైరస్ కనబడలేదు. ఇది 2016 ఫిబ్రవరిలోనే వైద్య పత్రికలో అచ్చయింది. ఫార్వర్డ్ పుట్టింది కూడా ఆ నెలలోనే! అది ఊరూరా తిరిగింది, ఇది డాక్టర్ల దగ్గరే ఆగిపోయింది.

వైరస్ మెదడునే ఎందుకు పట్టుకుంటుంది? మొదటి నెలల్లో శిశువు మెదడులో మూలకణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగి నాడీకణాలను తయారుచేస్తాయి. జికా దూరేది వాటిలోకే. బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగర శాస్త్రవేత్తలు ల్యాబులో పెంచిన చిన్న చిన్న మెదడు ముద్దలకు జికా సోకిస్తే వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. డెంగీ వైరస్‌తో చేస్తే అలా జరగలేదు. తీవ్రంగా దెబ్బతిన్న కొందరు పిల్లల్లో నెత్తి చర్మం మడతలు పడి ఉంటుంది. అంటే అప్పటిదాకా బాగానే పెరిగిన మెదడు మధ్యలో కుంచించుకుపోయింది, దాంతోపాటు పుర్రె ఎముకలూ కుంగిపోయాయి, చర్మం మాత్రం అంతే మిగిలింది.

ఇక 1947. ఆ ఏడాది ఉగాండాలోని జికా అడవిలో ఒక కోతిలో ఈ వైరస్ కనిపెట్టారు, నిజమే. కానీ మనుషుల్లో మొదటి పెద్ద వ్యాప్తి 2007లో, అదీ పసిఫిక్ సముద్రంలోని యాప్ అనే చిన్న దీవిలో. కొద్దిమంది గర్భిణులున్న చోట అరుదైన సమస్య కంటబడదు. 2013-14లో ఫ్రెంచ్ పాలినేషియాలో జికా వచ్చిపోయాక, బ్రెజిల్ వార్త విని పాత రికార్డులు తిరగేస్తే అక్కడా మైక్రోసెఫలీ కేసులు బయటపడ్డాయి. అయినా జబ్బు పాతదైతే దాని హాని అంతా అప్పుడే తెలిసిపోతుందా? రుబెల్లా ఎన్నాళ్ళ నుంచి ఉంది! తల్లికి వస్తే బిడ్డ కళ్ళు దెబ్బతింటాయని సిడ్నీ కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ చెప్పేదాకా, అంటే 1941 దాకా, ఎవరికీ తట్టలేదు.

కొలంబియా మాట మరీ తొందరపాటు. 2016 మొదట్లో జికా సోకిన గర్భిణులు అప్పటికి ఇంకా కననేలేదు. ఆ ఏడాది నవంబరు మధ్యకల్లా అక్కడ మైక్రోసెఫలీ కేసులు 476. అంతకుముందు ఏడాది అదే కాలంలో 110.

ఆ అర్జెంటీనా డాక్టర్ల కోపంలో న్యాయం లేదని అనను. ఈశాన్య బ్రెజిల్‌లో పేదల ఇళ్ళకు కుళాయి నీళ్ళు రోజూ రావు, డ్రమ్ముల్లో పట్టుకోవాలి, దోమలు అక్కడే గుడ్లు పెడతాయి. సరిగ్గా నీళ్ళివ్వకుండా మందు పోయడమేంటని అడగొచ్చు, గట్టిగానే అడగాలి. కానీ వైరస్ లేదనుకుంటే జరిగేదేంటి? డ్రమ్ములో మందు వేయడం ఆగుతుంది, దోమలు మాత్రం ఉంటాయి. 2024లో పుణెలో జికా సోకినవాళ్ళలో గర్భిణులూ ఉన్నారు. కేంద్రం అన్ని రాష్ట్రాలకూ చెప్పింది కూడా అదే: జికా సోకిన గర్భిణుల కడుపులో బిడ్డ ఎదుగుదలను కనిపెట్టి ఉండండి, దోమలు లేకుండా చూడండి.