డిస్క్ మనది, ఫార్మాట్ మాత్రం వాళ్లది

కన్సోల్ గేమ్స్ దాచుకోవడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎన్‌టీఎఫ్ఎస్ ఫాస్టా, ఎక్స్‌ఫ్యాట్ ఫాస్టా?" ఇవి డిస్కు మీద ఫైళ్లను ఏ పద్ధతిలో రాసిపెట్టుకోవాలో చెప్పే ఫార్మాట్లు, అంటే ఫైల్ సిస్టమ్‌లు. సలహా ఇచ్చేవాళ్లూ అదే దారిలో పోతారు. ఒకరు ఎన్‌టీఎఫ్ఎస్ పెట్టేసి నిశ్చింతగా ఉండమంటారు. ఇంకొకరు ఫ్యాట్32కి ఎప్పుడో కాలం చెల్లిందంటారు. మరొకాయన క్లస్టర్ సైజు (ఫైలుకు ఒక విడతలో కేటాయించే కనీస జాగా) పెంచితే గేమ్ పరుగెడుతుందంటాడు. ఇవి విని విని ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. గేమ్స్ డిస్కు విషయంలో స్పీడ్ గురించి అందరికన్నా చివర్న ఆలోచించాలి. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఈ డిస్కును ఏ మెషీన్ చదవాలి? కాపీ అవుతుండగా కేబుల్ ఊడితే ఏమవుతుంది? రేపు ఆ కన్సోల్ పాడైతే డిస్కులో ఉన్నది ఎవరికైనా పనికొస్తుందా?

స్పీడ్ సంగతి ముందే చెప్పేస్తాను. గేమ్ ఫైళ్లు చాలావరకు పెద్ద పెద్దవి. పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు ఫైల్ సిస్టమ్‌కి పెద్దగా పని ఉండదు. ఫైలు డిస్కు మీద ఎక్కడుందో చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆలస్యమంతా డిస్కులోనే. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం మీద హెడ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడానికి పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. ఏ ఫార్మాట్ పెట్టినా అది తగ్గదు. "ఎక్స్‌ఫ్యాట్ చేశాక కాపీ మొదట్లో బాగానే పోయి తర్వాత నత్తనడక నడుస్తోంది" అనేవాళ్లు ఒకసారి తమ డిస్కు ఎస్ఎంఆర్ రకమేమో చూసుకోవాలి. ఎక్కువ కెపాసిటీ ఉన్న చిన్న పోర్టబుల్ డిస్కుల్లో చాలా వాటిది ఇదే పద్ధతి. కప్పు మీద పెంకుల్లా ఒక ట్రాకు అంచు మీదికి ఇంకో ట్రాకు ఎక్కి ఉంటుంది. అందుకని ఒకచోట మార్చి రాయాలంటే పక్క ట్రాకులు కూడా మళ్లీ రాయాలి. లోపలున్న క్యాష్ నిండేదాకా ఈ సంగతి మనకు తెలియదు. నిండగానే వేగం పడిపోతుంది. తిట్లు మాత్రం ఫైల్ సిస్టమ్ తింటుంది.

సోనీ ప్లేస్టేషన్ 2, అంటే పీఎస్2ని చూడండి. దాని యూఎస్‌బీ పోర్టు 1.1 రకం, అంటే గరిష్ఠంగా సెకనుకు 12 మెగాబిట్లు, మెగాబైట్లలో ఒకటిన్నర. దాని సొంత డీవీడీ డ్రైవ్ సెకనుకు 5 మెగాబైట్లు దాటి చదవగలదు. మన దగ్గరున్న గేమ్ డీవీడీనే కాపీ తీసుకుని, ఓపెన్ పీఎస్2 లోడర్ అనే ప్రోగ్రామ్‌తో యూఎస్‌బీ నుంచి ఆడితే మధ్యలో వచ్చే వీడియోలు ఆగి ఆగి నడిచేది అందుకే. ఆ సన్నటి దారిని ఏ ఫార్మాటూ వెడల్పు చేయలేదు. అక్కడ ఫైల్ సిస్టమ్‌తో వచ్చే అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది: గేమ్ ఫైలు డిస్కు మీద ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే వరసలో ఉండాలి. గేమ్స్ తీసేస్తూ, కొత్తవి ఎక్కిస్తూ పోతే ఖాళీలు చెల్లాచెదురై, కొత్త ఫైలు ముక్కలుగా పడి లోడ్ అవడం మానేయవచ్చు. ఇది చెప్పేవాళ్లు తక్కువ. క్లస్టర్ సైజు గురించి మాత్రం గంటలు గంటలు వాదిస్తారు.

ఇక ఫ్యాట్32. ఇది 1996లో విండోస్ 95 తర్వాతి విడుదలతో వచ్చింది. ఇందులో ప్రతి ఫైలుకీ ఒక చిన్న నమోదు ఉంటుంది. పేరు, తేదీ, మొదలయ్యే చోటు, సైజు. ఆ సైజు రాయడానికి ఇచ్చిన జాగా నాలుగు బైట్లు, అంటే 32 బిట్లు. 32 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 429,49,67,295, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. ఒక్క బైటు ఎక్కువైనా ఆ గడిలో రాయలేరు. నింటెండో వారి వీ కన్సోల్ సింగిల్ లేయర్ గేమ్ డిస్కును పూర్తిగా కాపీ తీస్తే వచ్చే ఫైలు 469,99,79,776 బైట్లు. తేడా 40 కోట్ల బైట్లే. డిస్కులో 900 జీబీ ఖాళీ ఉన్నా "ఈ ఫైల్ సిస్టమ్‌కు ఫైలు మరీ పెద్దది" అని ఆపేస్తుంది. ఆ మెసేజ్ చూసి డిస్కు పాడైందని కంగారుపడేవాళ్లు ఉన్నారు. డిస్కుకేం కాలేదు, గడి చిన్నది, అంతే. అందుకే వీ వైపు వాళ్లు ఫైల్లోని పనికిరాని నింపుడు తీసేసి డబ్ల్యూబీఎఫ్ఎస్ అనే రకం ఫైలుగా మార్చి, అప్పటికీ పెద్దదైతే రెండు ముక్కలు చేస్తారు.

ఇంత ఇబ్బంది ఉన్నా ఫ్యాట్32ని తీసిపారేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పీఎస్3కి బయట నుంచి తగిలించే డిస్కు ఫ్యాట్32లో ఉంటేనే అది చదువుతుంది. వీలో హార్డ్ డిస్కు నుంచి గేమ్స్ నడిపే లోడర్లు అన్నిటికన్నా నమ్మకంగా పనిచేసేది దీనితోనే. మీ దగ్గరున్నది పాత కన్సోల్ అయితే చాలాసార్లు లోపలికి దారి ఇదే. "మరి విండోస్ 32 జీబీ కంటే పెద్ద డిస్కును ఫ్యాట్32 చేయనివ్వడం లేదు కదా" అంటారు. ఆ పరిమితి విండోస్ ఫార్మాట్ టూల్ చాలా ఏళ్లు పెట్టుకున్నది. ఫ్యాట్32 మామూలు 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాకా పోతుంది. వేరే ఫార్మాట్ టూల్ వాడితే ఒక్క నిమిషం పని. ఇది తెలియక డిస్కును ఎన్‌టీఎఫ్ఎస్ చేసేసి, కన్సోల్ చదవడం లేదని కొత్త డిస్కు కొనేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఎక్స్‌ఫ్యాట్ 2006లో వచ్చింది. 4 జీబీ గోడ లేదు. విండోస్, మ్యాక్ రెండూ చదువుతాయి, రాస్తాయి. 2019లో మైక్రోసాఫ్ట్ దాని స్పెసిఫికేషన్‌ను బయటపెట్టింది. 2020లో వచ్చిన లినక్స్ 5.7తో అక్కడ కూడా గట్టి డ్రైవర్ వచ్చింది. పీఎస్4లో సేవ్ ఫైళ్లు యూఎస్‌బీకి తీసుకోవాలన్నా, వీడియోలు బయటికి తెచ్చుకోవాలన్నా ఎక్స్‌ఫ్యాట్ చాలు. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మోసుకుపోయే డిస్కు అయితే నా ఓటు దీనికే.

కానీ "అన్నిటికీ ఎక్స్‌ఫ్యాట్ పెట్టేయండి" అనే మాట ప్రమాదకరం. దీనికి జర్నల్ లేదు. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే తన పట్టికల్లో ఏదైనా మార్చే ముందు "ఇదిగో, ఇది మార్చబోతున్నాను" అని ఒక లాగ్‌లో రాసుకుంటుంది. కరెంటు పోతే, తిరిగి వచ్చాక ఆ లాగ్ చూసి సగంలో ఆగినదాన్ని సరిచేసుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ ఏర్పాటు లేదు. ఫ్యాట్32లోనూ లేదు, అయితే అది తన ఫ్యాట్ పట్టికను రెండు కాపీలు పెట్టుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో మామూలుగా ఉండేది ఒక్కటే. 60 జీబీ ఫోల్డర్ కాపీ అవుతోంది, మైక్రో యూఎస్‌బీ 3 కేబుల్ చివర్న ఉండే ఆ వెడల్పాటి కనెక్టర్ కాస్త వదులుగా ఉంది, డిస్కు టేబుల్ మీద ఒక్క అంగుళం జరిగింది, అంతే. డ్రైవ్ మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆ క్షణంలో పట్టిక రాస్తూ ఉంటే పోయేది ఆ ఒక్క ఫైలే కాదు, పక్కనున్న ఫోల్డర్లు కూడా ఖాళీగా కనిపించవచ్చు. అందుకే ఎక్స్‌ఫ్యాట్ డిస్కును "సేఫ్‌గా తొలగించు" నొక్కకుండా పీకకూడదని నేను అంత గట్టిగా చెబుతాను.

ఇంకో చిన్న సంగతి. విండోస్‌లో 32 జీబీ దాటిన డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ చేస్తే క్లస్టర్ 128 కేబీగా పెడుతుంది. పెద్ద గేమ్ ఫైళ్లకు ఇబ్బంది లేదు. అదే 4 కేబీ ఫైళ్లు లక్ష ఉన్న ఫోల్డర్ పెడితే ఒక్కో ఫైలూ 128 కేబీ ఆక్రమించి, 400 ఎంబీ సరుకు 12 జీబీ పైచిలుకు తింటుంది.

ఎన్‌టీఎఫ్ఎస్ మంచిదే, కాదనను. 1993 నుంచి నలిగిన సిస్టమ్. కానీ దాని లాగ్ కాపాడేది పట్టికలనే. సగంలో ఆగిపోయిన మీ 60 జీబీ ఫైలును అది పూర్తి చేయదు. పైగా మ్యాక్ దాన్ని చదువుతుంది తప్ప మామూలుగా రాయదు. ప్లేస్టేషన్లు, నింటెండో స్విచ్ అసలు చూడవు. కాబట్టి ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచే డిస్కుకు ఎన్‌టీఎఫ్ఎస్, లినక్స్ అయితే ఈఎక్స్‌టీ4 పెట్టండి. ఏళ్ల తరబడి దాచాలనుకుంటే బీటీఆర్ఎఫ్ఎస్ గానీ జెడ్ఎఫ్ఎస్ గానీ చూడండి. ఇవి ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) పెట్టుకుని, డేటా చడీచప్పుడు లేకుండా చెడిపోతే పట్టుకుంటాయి. అంత అవసరం లేదనుకుంటే ఫైళ్ల చెక్‌సమ్‌లు ఒక టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టుకున్నా చాలు. రెండో డిస్కు మీద ఇంకో కాపీ ఉండడం మాత్రం వీటన్నిటికన్నా ముఖ్యం.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఫార్మాట్ ఎంచుకునే అవకాశం మనకున్నచోట. నాకు అసలు మండేది ఆ అవకాశమే లేనిచోట. పీఎస్4కి 2017 మార్చిలో 4.50 అప్‌డేట్‌తో ఎక్స్‌టర్నల్ డిస్కులో గేమ్స్ పెట్టుకునే వీలు వచ్చింది, 250 జీబీ నుంచి 8 టీబీ దాకా. సంతోషమే. కానీ గేమ్స్‌కి వాడాలంటే ముందు అందులో ఉన్నదంతా తుడిచేసి తన సొంత ఫార్మాట్ వేసుకుంటుంది. ఎక్స్‌బాక్స్ కూడా గేమ్స్ కోసమంటే ముందు డిస్కును ఫార్మాట్ చేయాల్సిందే అంటుంది. ఆ పీఎస్4 డిస్కునే కంప్యూటర్‌కి తగిలిస్తే అందులో గేమ్స్ ఉన్నాయని కంప్యూటర్‌కి తెలియదు. దాని దృష్టిలో అది ఖాళీ డిస్కు. ఇనిషియలైజ్ చేయమంటారా, ఫార్మాట్ చేయమంటారా అని ఒక బాక్స్ వస్తుంది. ఇంట్లో ఇంకెవరైనా పెన్‌డ్రైవ్ అనుకుని ఓకే నొక్కితే వందల జీబీల డౌన్‌లోడ్ గాలికి పోతుంది. డేటా ఉన్న డిస్కు బయటి ప్రపంచానికి ఖాళీగా కనిపించడం చిన్న లోపం కాదు. ఇంకో విషయం, పీఎస్4లో సేవ్ ఫైళ్లు ఆ డిస్కులోకి వెళ్లవు, కన్సోల్ లోపలే ఉంటాయి. గేమ్ బయట పెట్టాం కదా, అన్నీ భద్రం అనుకుని కన్సోల్‌ను రీసెట్ చేయకండి.

అన్నిటికన్నా ఘోరం వీ తర్వాత నింటెండో తెచ్చిన కన్సోల్, వీ యూ. అది ఫార్మాట్ చేసిన డిస్కు ఆ ఒక్క కన్సోల్‌కే కట్టుబడి ఉంటుంది. గేమూ, సేవూ రెండూ అందులోనే. కన్సోల్ మదర్‌బోర్డు పోతే డిస్కు నిక్షేపంగా ఉన్నా ఇంకో వీ యూకి తగిలించి చదవలేరు. దాని ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో అమ్మకాలు 2023 మార్చి 27తో ఆగిపోయాయి. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూతపడింది. కొత్తగా కొనడానికి లేనప్పుడు ఉన్న కాపీ విలువ పెరుగుతుంది. సరిగ్గా ఆ కాపీనే మనం భద్రం చేసుకోలేకుండా కట్టేశారు.

"పైరసీ ఆపాలి కదా" అంటారు. ఆపాలి, నేనూ ఒప్పుకుంటాను. దానికి ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తే సరిపోతుంది, డిస్కు మొత్తాన్ని ఎవరికీ కనిపించకుండా దాచక్కర్లేదు. ఇది నా ఊహ కాదు. వీ యూ తయారుచేసిన నింటెండోనే స్విచ్‌లో ఇలా చేసింది. స్విచ్ మైక్రోఎస్‌డీ కార్డు మామూలు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్. కార్డును కంప్యూటర్‌లో పెడితే "నింటెండో" అనే ఫోల్డర్ కనిపిస్తుంది. లోపలున్నది ఎన్‌క్రిప్ట్ చేసినదే, ఇంకో స్విచ్‌లో పనిచేయదు. ఫ్యాట్32 కార్డయితే 4 జీబీ గోడ తగలకుండా పెద్ద గేమ్‌ను అదే ముక్కలు చేసి పెట్టుకుంటుంది. కార్డు చాలకపోతే పెద్ద కార్డు తెచ్చి, ఆ ఫోల్డర్‌ను కంప్యూటర్ ద్వారా కాపీ చేసి అదే కన్సోల్‌లో పెడితే మళ్లీ ఏమీ డౌన్‌లోడ్ చేయకుండానే గేమ్స్ నడుస్తాయి. బ్యాకప్ కావాలంటే ఆ ఫోల్డర్‌ను ఇంకో డిస్కులో పడేస్తే సరి. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ కూడా కార్డును ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తుంది. ఏ లినక్స్ కంప్యూటర్‌లో పెట్టినా ఫైళ్లు కనిపిస్తాయి.

కాబట్టి సోనీ, మైక్రోసాఫ్ట్ తమ తర్వాతి కన్సోల్‌లో కనీసం ఇంతమాత్రం చేయాలని నా డిమాండ్. ఎక్స్‌టర్నల్ డిస్కు మీద అందరూ చదవగల ఫైల్ సిస్టమ్ పెట్టండి. గేమ్‌ను తాళం వేసిన ఫైలుగా అందులో ఉంచండి. ఆ ఫైలును నా డబ్బుతో కొన్న ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోనివ్వండి. తిరిగి తెచ్చినప్పుడు అది నేను కొన్నదేనా కాదా అని మీ కన్సోల్ చూసుకుంటుంది. అప్పటిదాకా ఈ కన్సోళ్లు ఉన్నవాళ్లు ఆడే డిస్కునూ దాచుకునే డిస్కునూ వేర్వేరుగా పెట్టుకోండి. ఆడే డిస్కు మీద "కంప్యూటర్‌కి తగిలించవద్దు" అని మార్కర్‌తో పెద్దగా రాసిన స్టిక్కర్ అంటించండి.