సభ గెలిచిన బిల్లుకు గడువు లేని నిరీక్షణ

శాసనసభలో బిల్లు నెగ్గగానే 'కొత్త చట్టం వచ్చింది' అని పత్రికలూ పాలకపక్షమూ ప్రకటించేస్తుంటాయి. నిజానికి 200వ అధికరణం కింద గవర్నర్ ఆమోదించేదాకా, లేదా గవర్నర్ పంపిన మీదట 201వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదించేదాకా అది బిల్లే. శాసన ప్రక్రియలో జనానికి కనిపించే భాగమంతా, అంటే చర్చలు, సవరణలు, మూజువాణి ఓట్లు, సభలోనే ముగుస్తుంది. ఎక్కువ బిల్లులు చిక్కుకుంటున్నది మాత్రం ఆ తర్వాతి మెట్టు దగ్గర.

ఎన్నికైన సభల విషయంలో మన రాజ్యాంగం కాలాన్ని లెక్కగట్టి పెట్టింది. శాసన మండలి సాధారణ బిల్లును మొదటిసారి మూడు నెలలు, సభ దాన్ని మళ్లీ ఆమోదిస్తే రెండోసారి ఒక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లునైతే 14 రోజులే. ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల బిల్లుకు జరిగింది ఇదే. 2020 జనవరిలో మండలి చైర్మన్ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్లు ప్రకటించారు. ఆ నిర్ణయం సబబా కాదా అన్న వాదన నేటికీ తెగలేదు. అయినా జూన్‌లో శాసనసభ మరోసారి ఆమోదించడం, మండలికి ఉన్న నెల గడువు తీరడం, జూలై 31న గవర్నర్ సంతకం చేయడం వరుసగా జరిగిపోయాయి. ఆ చట్టం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, 2021 నవంబరులో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకున్నా, మండలి అభ్యంతరం ఎప్పటికి ముగుస్తుందో అందరికీ ముందే తెలుసు.

గవర్నర్ విషయానికి వచ్చేసరికి ఆ లెక్క మాయమవుతుంది. బిల్లును సభకు తిప్పి పంపదలిస్తే 'వీలైనంత త్వరగా' పంపాలని మాత్రమే 200వ అధికరణం చెబుతుంది. బిల్లులు పెండింగ్‌లో పెట్టారంటూ తెలంగాణ ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు న్యాయస్థానం ఈ మాటలకు రాజ్యాంగపరమైన విలువ ఉందని గుర్తుచేసింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్లి, గడువులు విధించడమే కాక 10 బిల్లులకు ఆమోదం లభించినట్లే భావించాలని తీర్పిచ్చింది. రాష్ట్రపతి 14 ప్రశ్నలతో సలహా కోరగా, అదే ఏడాది నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ రెండింటినీ కాదంది. సభకు తిప్పి పంపకుండా బిల్లును ఊరికే తొక్కిపెట్టే అధికారం గవర్నర్‌కు లేదని, కారణం చెప్పని సుదీర్ఘ జాప్యం జరిగితే నిర్ణయం తీసుకోమని కోర్టులు పరిమితంగా ఆదేశించవచ్చని మాత్రం స్పష్టం చేసింది. రాజ్యాంగంలో లేని గడువును న్యాయస్థానం రాయకూడదన్న వాదనలో బలముంది. కానీ ఎంత కాలం దాటితే జాప్యం 'సుదీర్ఘ'మవుతుందో తేల్చుకోవడానికి ప్రతి రాష్ట్రమూ కోర్టు మెట్లెక్కవలసిందేనా?

రాష్ట్రపతి దగ్గరికి వెళ్లిన బిల్లుల పరిస్థితి మరీ అనిశ్చితం. ఉమ్మడి జాబితాలోని అంశంపై కేంద్ర చట్టంతో విభేదించే రాష్ట్ర చట్టం ఆ రాష్ట్రంలో నిలవాలంటే రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. దిశ బిల్లు ఆ దారిలోనే ఆగిపోయింది. అత్యాచార కేసుల్లో దర్యాప్తు, విచారణ 21 రోజుల్లో ముగించాలన్న ఆ బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో ఆమోదించింది. తర్వాత సవరించి మళ్లీ ఆమోదించినా ఢిల్లీ నుంచి అనుమతి రాలేదు. వెనుకబడిన తరగతులకు 42 శాతం రిజర్వేషన్ల కోసం తెలంగాణ 2025 మార్చిలో ఆమోదించిన బిల్లులూ రాష్ట్రపతి పరిశీలనకే వెళ్లాయి. వాటిపై నిర్ణయం రాకముందే స్థానిక ఎన్నికల కోసం ప్రభుత్వం జీవో ఇవ్వగా, అక్టోబరులో హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. ఈ బిల్లుల్లో రాజ్యాంగపరమైన అభ్యంతరాలు ఉండవచ్చు; అలాంటప్పుడు కారణాలు రాసి తిరస్కరిస్తే రాష్ట్రాలు మరో మార్గం చూసుకుంటాయి. మౌనానికి మాత్రం జవాబివ్వడం ఎవరి వల్లా కాదు.

రాష్ట్రంలో అధికారంలో ఉన్నప్పుడు గవర్నర్లను తప్పుపట్టిన పార్టీలు కేంద్రంలో పీఠమెక్కగానే ఈ సంగతి మరిచిపోతాయి కాబట్టి, గడువు పెట్టే రాజ్యాంగ సవరణ ఎవరికీ తొందర కాలేదు. గవర్నర్‌కు ఆరు నెలల గడువు పెట్టాలని కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ 2010లోనే సిఫారసు చేసింది. ఆమోదం విషయంలో విచక్షణను తగ్గించడం మనకు కొత్తా కాదు: రాజ్యాంగ సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం తెలిపి తీరాలని 1971లో 24వ సవరణ నిర్దేశించింది. విచిత్రమేమంటే 201వ అధికరణంలోనే ఒక గడువు ఉంది. రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లును శాసనసభ ఆరు నెలల్లోగా పునఃపరిశీలించాలి. సభకు వర్తించే ఆ ఆరు నెలలనే గవర్నర్‌కు, రాష్ట్రపతికి కూడా వర్తింపజేస్తూ పార్లమెంటు చిన్న సవరణ చేస్తే చాలు.