సవరణ: టీ జోకు వేరు, సస్పెన్షన్ వేరు

టీ జోకు వేసినందుకు మణిశంకర్ అయ్యర్‌ను కాంగ్రెస్ సస్పెండ్ చేసిందని మొన్నటి పోస్టులో రాశాం. తప్పు, రెండు ఘటనలు కలిపేశాం.

మోదీ ప్రధాని కాలేరు, కావాలంటే ఇక్కడ టీ పంచిపెట్టడానికి చోటిస్తామని అయ్యర్ అన్నది 2014 జనవరి 17న, ఢిల్లీ ఏఐసీసీ సమావేశం దగ్గర. సస్పెండ్ అయింది 2017 డిసెంబర్ 7న, మోదీని ‘నీచ్’ (నీచుడు) అన్నందుకు. రెండ్రోజుల్లో గుజరాత్ తొలి విడత పోలింగ్, ఆగే వ్యవధి ఎక్కడిది!

టీ జోకును బీజేపీ ఊరికే వదల్లేదు. 2014 ఫిబ్రవరి 12న ‘చాయ్ పే చర్చా’ (టీ తాగుతూ చర్చ) అనే ప్రచారం మొదలెట్టింది. వెక్కిరింత మోదీ మీదే అయినా తగిలింది టీకొట్టు నడిపేవాళ్లందరికీ. ప్రచార వేదికా ఆ కొట్టే అయింది.

జోకు వల్లే 2014 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ 44 సీట్లకు పడిపోయిందన్న వాక్యం తీసేశాం. అది మరీ అతి.