పళ్లు బాగున్నా నోటి వాసన పోకపోతే పొట్ట చూపించుకోవాలి

గుంటూరులో కడుపు మంటకైనా, నోటి వాసనకైనా మొదట నింద పడేది మిరపకాయ మీదే. కారం మంటను పెంచుతుంది, నిజమే. కానీ కడుపులో పుండ్లకు పెద్ద కారణాలు వేరు: తరచూ వేసుకునే కొన్ని నొప్పి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. నోటి దుర్వాసనకూ ఈ బ్యాక్టీరియాకూ సంబంధం ఉండొచ్చని మనలో చాలామందికి తెలియదు.

దుర్వాసన ఎక్కువగా నోట్లోనే పుడుతుంది. నాలుక వెనక పేరుకున్న పాచి, చిగుళ్ల జబ్బు, పుచ్చుపళ్లు. అందుకే ముందు పళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లాలి. అక్కడ ఏమీ లేదని తేలినా వాసన పోక, పైకడుపులో మంట, తేన్పులు, రెండు ముద్దలకే ఉబ్బరం కూడా ఉంటే పొట్టను అనుమానించాలి.

ఈ క్రిమి యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసుకుంటుంది. కడుపులోని యాసిడ్ నుంచి దాన్ని కాపాడేది అదే. నోటి వాసనకు ముఖ్య కారణమైన గంధక వాయువులను కూడా ఇది విడుదల చేయగలదని ల్యాబ్‌లో తేలింది. 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ కడుపు జబ్బుకు ఇదే కారణమని చూపడానికి ఈ బ్యాక్టీరియాను తానే తాగారు. కొద్ది రోజుల్లోనే వాంతులు మొదలయ్యాయి, ఆయన నోటి వాసనను ఇంట్లోవాళ్లు గమనించారు. ఈ క్రిమిని కనిపెట్టినందుకు ఆయనకూ, సహచర డాక్టర్ రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. అయితే ఇది ఉన్న ప్రతివాళ్లకీ వాసన రాదు, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

నన్ను బాధపెట్టేది మన అలవాటు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాం, సోంపు నములుతాం, పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటూ నెలలు గడిపేస్తాం. ఆ బిళ్లతో మంట తగ్గుతుంది, క్రిమి చావదు. పైగా పరీక్షలో అది దొరక్కుండా పోవచ్చు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు డాక్టరును అడిగి ఆ మాత్ర ఆపాలి.

విజయవాడ సూర్యారావుపేటలో అడుగుకో ఆస్పత్రి, అడుగుకో ల్యాబ్. అయినా ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నటి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) అనగానే టెన్షన్ పడి వెనక్కి తగ్గేవాళ్లు ఎందరో. అందరికీ అది అక్కర్లేదు. మలం పరీక్షతోనో, శ్వాస పరీక్షతోనో తెలిసిపోతుంది. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా మాత్రం ఎండోస్కోపీకి ఆలస్యం చేయకూడదు. ఈ క్రిమిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

మందులు సాధారణంగా 14 రోజులు, రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ కలిపి ఇస్తారు. నోరు చేదుగా ఉందనో, తగ్గిందనో మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా పోవచ్చు. కోర్సు అయిన నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. చాలామంది వదిలేసేది దీన్నే.