శేషాచలంలో లెక్క చెట్లదా, వంశాలదా?

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అనే మన నానుడిలో గంజాయి మొక్కలన్నీ ఒకే బాపతు, తులసి ఒక్కటే వేరు. మనుషుల గుణాలు చెప్పడానికి ఆ పోలిక సరిపోతుంది గానీ, విత్తనం చల్లి పెంచిన గంజాయి తోటలో నిజానికి ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒకటి కావు. ఈ జాతిలో సాధారణంగా ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ మొక్క పుప్పొడి గాలికి కొట్టుకుపోయి ఎక్కడో ఉన్న ఆడ మొక్కను చేరుతుంది కాబట్టి, ప్రతి గింజలోనూ ఇద్దరి వారసత్వం కొత్తగా కలుస్తుంది. తిరుపతి రైల్వే స్టేషన్లోనో బస్టాండులోనో సరుకు పట్టుబడినప్పుడు కిలోల లెక్క, నిందితుల లెక్క వార్తల్లోకి వస్తాయి. ఆ మొక్క పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ పట్టవు. వాటిని కాస్త పట్టించుకోవాలని నేననడం గంజాయి మీద మక్కువతో కాదు, మన శేషాచలం కొండల్లోని చెట్ల మీద బెంగతో.

చైనాలోని లాన్‌జౌ, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి మత్తు కోసం పెంచేవీ నార కోసం పెంచేవీ కలిపి 110 గంజాయి మొక్కల పూర్తి జన్యుక్రమాలను పోల్చి, 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. సుమారు 12,000 ఏళ్ల క్రితం తూర్పు ఆసియాలో మనిషి ఈ మొక్కను మచ్చిక చేసుకున్నాడని, ఆ తర్వాత చాలా కాలానికి నార కోసం ఒక పాయ, మత్తు కోసం ఇంకో పాయ విడిపోయాయని వారు తేల్చారు. అయితే అసలు చెప్పుకోవలసింది వేరే ఉంది. ఆసియాలో రోడ్ల పక్కన, కొండవాలుల్లో తమంతట తామే మొలిచే మొక్కలు ఈ జాతికి మూలపురుషులు కావని, ఎప్పుడో పొలాల నుంచి తప్పించుకున్న మొక్కల సంతానమని, అసలైన అడవి గంజాయి బహుశా అంతరించిపోయిందని ఆ అధ్యయనం చెబుతోంది. ఊరపంది అడవిలో తిరిగినంత మాత్రాన అడవిపంది కాదు కదా! ఒక జాతి నేల మీద కోట్ల మొక్కలుగా కళకళలాడుతూనే, తన అడవి వారసత్వాన్ని ఎవరికీ తెలియకుండా పోగొట్టుకోగలదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

పేర్లను నమ్మి ఈ వైవిధ్యాన్ని లెక్కగట్టడమూ కుదరదు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో సటైవా అని ఒకే జాతిగా పేరు పెడితే, లామార్క్ అనే మరో శాస్త్రవేత్త 1785లో మన దేశపు నమూనాలు చూసి ఇండికా అనే రెండో జాతిని ప్రకటించాడు; ఆ తగవు నేటికీ తెగలేదు. 2015లో 81 మత్తు రకాల, 43 నార రకాల నమూనాలను పరీక్షించిన పరిశోధకులు, అంగట్లో చెలామణి అయ్యే రకాల పేర్లకూ లోపలి జన్యువులకూ చాలాసార్లు పొంతన లేదని గుర్తించారు. మన పత్రికల్లో ‘శీలావతి రకం’ అని రాసినప్పుడు కూడా అది అమ్మేవాడు పెట్టిన పేరే తప్ప వంశవృక్షం కాదని గుర్తుంచుకోవాలి. మత్తు పదార్థాల మీద వచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టమైతే జన్యువుల జోలికే పోకుండా, పూత పూసిన లేదా కాయ పట్టిన కొసలను గంజాయి అంటుంది. చిత్తూరు మామిడి రైతుది ఇందుకు తలకిందుల కథ: తోతాపురి అన్నా, బెంగళూరా అన్నా, కలెక్టర్ అన్నా కాయ ఒక్కటే, ఎందుకంటే అన్నీ అంటు మొక్కలే. కొమ్మ తెచ్చి అంటు కట్టినన్నాళ్లూ అది అదే చెట్టు. పొలమంతా పరుచుకున్నా వంశం ఒకటే.

గంజాయి పెంచేవాళ్లు ఒక పని తప్పనిసరిగా చేస్తారు. పూత మొదలవుతుండగానే మగ మొక్కలను గుర్తించి పీకేస్తారు. ఆడపూత గింజ కట్టకుండా ఉంటేనే జిగురు ఎక్కువగా ఊరుతుంది, మత్తు పెరుగుతుంది. చట్టబద్ధంగా సాగు చేసే దేశాల్లో ఇంకో అడుగు ముందుకేసి, ఒక తల్లి మొక్క నుంచి కొమ్మ ముక్కలు తీసి వందల కొద్దీ నాటుతారు. అది వాళ్ల వ్యాపారం. ఆ మగ మొక్కల ఏరివేతను పోలిన పని మన తిరుమల కొండల్లోనూ జరుగుతూ వచ్చిందన్నదే నా బెంగకు కారణం.

ఇక్కడి ఎండు కొండల్లో, గడ్డి బయళ్లలో, రాతి వాలుల్లో పేరిత అనే మొక్క ఉంటుంది. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉన్నా ఈతకు చుట్టం కాదు. పూలే పూయని పురాతన సైకస్ కుటుంబానిది. శాస్త్రీయంగా సైకస్ బెడ్డోమి అంటారు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో దీన్ని చేర్చారు. గంజాయిలాగే ఇందులోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ మొక్క నడినెత్తిన కదురులా పొడవాటి శంకువు లేస్తుంది. ఆడ మొక్క కొసన ఈకల్లాంటి రేకుల అంచున గింజలు కాస్తాయి. శంకువో గింజో వచ్చేదాకా ఏది ఆడో ఏది మగో చెప్పలేం. ఆ మగ శంకువులనే బలానికి వాడే మందుల కోసం కోసుకుపోతారు. కోసిన తర్వాత కూడా మొక్క పచ్చగానే నిలబడి ఉంటుంది, లెక్క తీసేవారి పుస్తకంలో ఒక అంకెగా చేరుతుంది. కానీ పుప్పొడి రాలకముందే శంకువు పోతే, ఆ ఏడాది పుట్టే సంతానంలో ఆ మొక్క వాటా సున్నా.

జనాభా జన్యుశాస్త్రంలో దీనికి చిన్న సూత్రం ఉంది. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చించి, మొత్తం సంఖ్యతో భాగిస్తే, జన్యుపరంగా ఆ గుంపు ఎన్ని మొక్కల పెట్టో తెలుస్తుంది. నూరు పేరిత మొక్కల్లో సగం సగం ఉంటే జవాబు నూరే. అదే నూరులో పుప్పొడి ఇవ్వగలిగిన మగవి పది, ఆడవి తొంభై అనుకుంటే జవాబు 36. కళ్ల ముందు మొక్కల సంఖ్య అంతే ఉన్నా, వంశాల బలం మూడో వంతుకు కాస్త పైన నిలుస్తుంది. దగ్గరి చుట్టాల మధ్య కలయిక వల్ల వచ్చే నష్టాన్ని కొన్నాళ్లయినా తప్పించాలంటే ఈ జవాబు కనీసం 50, దీర్ఘకాలం నిలవాలంటే 500 ఉండాలని 1980లో ఫ్రాంక్లిన్ అనే జన్యుశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత ఒకటుంది. ఆ అంకెల మీద తర్వాత చాలా వాదాలు జరిగాయి, 500 చాలదన్నవారూ ఉన్నారు. ఏ కొలత చూసినా 36 చిన్నదే.

ఎర్రచందనం విషయంలో ఏరివేత ఇంకో తీరులో సాగింది. దొంగ గొడ్డలి అడ్డదిడ్డంగా పడదు. నిటారుగా ఎదిగి, చేవ బాగా ముదిరిన మాను మీదే ముందు పడుతుంది. మామండూరు, భాకరాపేట వైపు అడవుల్లో దశాబ్దాలుగా మేలైనవి పోతూ, వంకరవి, సన్నవి మిగులుతూ వచ్చాయంటే, రేపటి అడవికి విత్తనం ఇచ్చేది ఆ మిగిలినవే. నరికిన మొదలు నుంచి పిలకలు వస్తాయన్న మాట నిజమే, అంతవరకు వంశం పూర్తిగా పోలేదని సంతోషించవచ్చు. అయితే ఆ పిలక మళ్లీ పూతకు వచ్చేదాకా దాని వాటా విత్తనం అడవికి అందదు.

నాలుగేళ్ల క్రితం పొలం గట్టు మీద వేద్దామని ఒక నర్సరీలో ఎర్రచందనం మొక్కలు కొన్నాను. విత్తనం ఎక్కడిదని అడిగితే, పెరట్లో ఉన్న ఒకే ఒక్క చెట్టును చూపించి, “దీని కాయలే సార్, ఏటా విరగ కాస్తుంది” అని గర్వంగా చెప్పాడు అక్కడి మనిషి. ఆ చెట్టు కింద గుండ్రంగా, పలచగా, చుట్టూ రెక్క కట్టి, నడుమ మాత్రం ఉబ్బుగా ఉన్న ఎండు కాయలు పరుచుకొని ఉన్నాయి. అతని తప్పేమీ లేదు, దగ్గరలో దొరికేది అదే. కానీ అలాంటి మొక్కలే వేల సంఖ్యలో అడవి అంచుల దాకా చేరితే, మనం నాటుతున్నది అడవి కాదు, ఒక్క తల్లి సంతానం. గాలి వల్లో తేనెటీగల వల్లో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకు చేరే జాతుల్లో వైవిధ్యం అధిక భాగం ఒకే గుంపులోని చెట్టుకూ చెట్టుకూ మధ్యే ఉంటుందన్నది స్థూలంగా నిలిచిన సూత్రం. అందుకే ఒక గుంపు నుంచి కనీసం యాభై తల్లి మొక్కల విత్తనం సేకరించాలని మార్షల్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 1975లోనే సూచించారు.

ఇది చేయడానికి పెద్ద ప్రయోగశాలలేమీ అక్కర్లేదు. నర్సరీ సంచి మీద జాతి పేరుతో పాటు ఏ కొండ, ఏ గుంపు, ఎన్ని తల్లి చెట్లు అనే మూడు వివరాలు రాయాలన్న నిబంధన చాలు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలంలో ఏటా మొక్కలు నాటిన లెక్కలు ఎలాగూ రాస్తారు; వాటి పక్కన ఈ గడులు కూడా ఉంటే, పదేళ్ల తర్వాత ఎవరైనా డీఎన్‌ఏ పరీక్షకు పూనుకున్నప్పుడు ఏ మొక్క ఎక్కడిదో తెలుస్తుంది. పేరితకు సంబంధించి మాత్రం కాగితం చాలదు. ఆ మగ శంకువు పుప్పొడి రాల్చే కొద్ది రోజులైనా కొండ మీద ఒకరు కాపలా ఉండాలి, కోసేవాడిని పట్టుకోవడంతో పాటు కొనేవాడి దుకాణం దాకా వెళ్లాలి.