బ్యాండ్ వదిలినంత మాత్రాన పాట వదిలినట్టు కాదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. పంపినవాళ్లంతా పాటలు కట్టేవాళ్లు, నా మంచి కోరేవాళ్లు. చిరాకు ఎక్కువవడానికి కారణం కూడా అదే. దాని సారాంశం ఇది: పాటలు బ్యాండ్‌వి, బయటికి వెళ్లినవాళ్లకు వాటి మీద హక్కు, అంటే కాపీరైట్, ఉండదు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఏమంటే అదే చెల్లుతుంది. ఎంతమంది ఉంటే అన్ని సమాన వాటాలు. రిజిస్టర్ చేయకపోతే ఎవరికీ ఏమీ లేదు. వాయించినవాడు రచయిత, అంటే పాట కట్టినవాడు, కాడు. చివరిగా, వెళ్లేటప్పుడు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టేసి స్నేహం కాపాడుకోండి.

చిన్నవి ముందు తేల్చేస్తాను. రిజిస్ట్రేషన్ మాట తప్పు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందాన్ని 1908లో సవరించినప్పటి నుంచి, హక్కు పుట్టడానికి అలాంటి లాంఛనాలేవీ అక్కర్లేదన్నదే అందులోని నియమం. అమెరికాలో అక్కడి పాట మీద దావా వేయాలంటే ముందు రిజిస్టర్ చేయించాలి, నిజమే. కానీ అది కోర్టుకెళ్లడానికి పెట్టిన షరతు, హక్కు పుట్టడానికి కాదు.

మెజారిటీ మాట కూడా అంతే. బ్రిటన్‌లో ఉమ్మడి పాటను వాడుకోవడానికి ఎవరికైనా లైసెన్సు ఇవ్వాలంటే ఉమ్మడి యజమానులందరూ ఒప్పుకోవాలి. అమెరికాలో ఒక్కరే మామూలు లైసెన్సు (ఒకరికే పరిమితం చేయనిది) ఇచ్చేయవచ్చు గానీ, వచ్చిన డబ్బులో మిగతావాళ్ల వాటా లెక్క చెప్పి తీరాలి. రెండు చోట్లా చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతి లేదు.

అసలు గొడవ మొదటి మాటతోనే. పాట కట్టిన రోజున ఎవరు కట్టారో హక్కు వాళ్లది. ఆ తర్వాత వాళ్లు బ్యాండ్‌లో ఉన్నారా, మానేశారా, పోట్లాడుకున్నారా అన్నది పాటకు సంబంధం లేని విషయం. అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం.ను చూడండి. నలుగురూ తమ పాటలకు నలుగురి పేర్లూ వేసుకునేవాళ్లు. డ్రమ్మర్ బిల్ బెర్రీ 1997లో తప్పుకున్నాడు. ఆ తర్వాత వాళ్లు కట్టిన పాటల మీద మూడు పేర్లే ఉంటాయి, పాతవాటి మీద నాలుగూ అలాగే ఉన్నాయి. వెళ్లిపోవడం ఎక్కడ గీత గీస్తుందో ఇంతకన్నా తేటగా చెప్పలేను. కొత్త పాటలకు గీత, పాత పాటలకు కాదు.

"ఇన్నేళ్లు ఊరుకున్నావు కదా, ఇక నీకేముంది" అనేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. బ్రిటన్‌కు చెందిన ప్రోకల్ హారమ్ బ్యాండ్ పాట 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' 1967లో వచ్చింది. అందులో అందరికీ గుర్తుండిపోయే ఆ ఆర్గాన్ బాణీ మాథ్యూ ఫిషర్‌ది, కానీ రచయితల పేర్లలో ఆయన లేరు. 1969లో బ్యాండ్ వదిలారు, చాలా ఏళ్లకు మళ్లీ చేరారు, మళ్లీ వెళ్లారు. 2005లో దావా వేశారు. 2006లో హైకోర్టు సంగీతం హక్కులో ఆయనకు 40 శాతం వాటా ఇచ్చింది. 2008లో అప్పీలు కోర్టు సహరచయితేనని ఒప్పుకుంటూనే, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు డబ్బు ఇవ్వనంది. 2009లో, అప్పటికి బ్రిటన్‌లో అన్నిటికన్నా పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాటాను తిరిగి ఇచ్చింది. 2005కు ముందు వసూలైన రాయల్టీ మాత్రం ఆయనకు రాలేదు. ఆలస్యం వల్ల పోయింది ఆ డబ్బే, హక్కు కాదు. ఆ 40 శాతం చూస్తే సమాన వాటాల సూత్రం కూడా ఎంత గుడ్డిదో తెలుస్తుంది.

వాయించినవాడు రచయిత కాడన్న మాట దగ్గర నేను కాస్త తగ్గాలి. చాలాసార్లు అది నిజమే. స్పాండావ్ బ్యాలే అనే బ్రిటిష్ బ్యాండ్‌లో గాయకుడు, డ్రమ్మర్, శాక్సోఫోన్ వాయించే సభ్యుడు కలిసి, రచయితగా పేరున్న తోటి సభ్యుడు గేరీ కెంప్ మీద కేసు వేసి 1999లో ఓడిపోయారు. పాటలు బ్యాండ్ ముందుకు వచ్చేసరికే కెంప్ దగ్గర తయారై ఉన్నాయని, వీళ్లు వాటిని గొప్పగా వాయించారే తప్ప రాయలేదని జడ్జి తేల్చారు. అది చదివిన రోజు నాకు నచ్చలేదు. తర్వాత నా పాత బ్యాండ్ పాటలు తొమ్మిదీ ముందేసుకుని కూర్చున్నాను. అన్నిట్లో కీబోర్డ్ నాదే. కానీ నిజాయితీగా లెక్కేస్తే రెండింట్లోనే నేను బాణీ కట్టాను. మిగతా ఏడింట్లో వాళ్లిచ్చిన కార్డ్స్ (స్వరాల గుత్తులు) వాయించాను, అంతే. ఆ ఏడింటికి రచయితనని అడిగే మొహం నాకు లేదు. రికార్డింగ్‌లో వాయించినందుకు రావలసినది వేరే లెక్క.

ఇక ఆ చివరి మాట. మిగతావి తెలియక రాసినవి అనుకోవచ్చు, ఇది మాత్రం మనుషుల్ని ముంచేది.

నేను బ్యాండ్ వదిలిన సాయంత్రం నాకూ అలాంటి కాగితమే ఇచ్చారు. రెండే వాక్యాలు: "ఇంతవరకు బ్యాండ్ చేసిన పాటలన్నిటి మీద నాకున్న సమస్త హక్కులూ వదులుకుంటున్నాను. ఇకముందు ఏమీ అడగను." కింద నా పేరు, అదీ తప్పు స్పెల్లింగ్‌తో. పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చారు. ఎవరూ నా కళ్లలోకి చూడలేదు. అందరం టెన్షన్‌లో ఉన్నాం, పెట్టేస్తే గొడవ వదులుతుందనిపించింది. చదివి ఇస్తానని జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి ఫోన్‌లో పాత రికార్డింగులు వెతికితే ఒకటి దొరికింది. ఫ్యాన్ చప్పుడు మధ్య నేను ఇంటర్‌లూడ్ (చరణాల మధ్య వచ్చే సంగీతం) కూనిరాగం తీస్తున్నాను, రెండోసారి తీసేటప్పుడు మా గాయకుడి గొంతు: "ఇది ఉంచు, మార్చకు." తేదీ దాని పక్కనే ఉంది. అది వినిపించాక వాళ్లే ఒప్పుకున్నారు. రెండు పాటలకు వాటాలు రాసుకుని అందరం సంతకాలు పెట్టాం. స్నేహం పోలేదు. ఆ గాయకుడు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు.

హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని భారత్, బ్రిటన్, అమెరికా చట్టాలు మూడూ అంటాయి. అంటే వెళ్లేవాడి చేతిలో ఉన్న బలమంతా ఆ సంతకమే. దాన్ని ఊరికే ఇచ్చేయమని చెప్పడానికి ఈ మెసేజ్ రాసినవాళ్లకు మనసెలా వచ్చింది?

ఆరోసారి అది పంపింది నాకు తమ్ముడి లాంటి గిటారిస్టు. ఫోన్ చేసి కోప్పడ్డాను. అతను కాసేపు మాట్లాడలేదు. "పోయిన నెలే సంతకం పెట్టేశానన్నా, ఈ మెసేజ్ చూసే" అన్నాడు. కాగితం ఫొటో పంపమన్నాను. అందులో ఒక్క పాట పేరు లేదు, ఎన్నాళ్లకో లేదు, అతనికి ఇచ్చేది ఎంతో లేదు. భారత కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ పత్రంలో ఏ రచనో, ఏ హక్కులో, ఎంతకాలమో స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లుగా లెక్కిస్తారు. ఆ కాగితం తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్లమన్నాను. ముందు రిహార్సల్ రికార్డింగులు ఏమైనా ఉన్నాయేమో చూడమన్నాను. ఉన్నాయట, పాత ఫోన్‌లో. దాని ఛార్జర్ కోసం వెతుకుతున్నాడు.